చెక్క మీదుగా బండి ఎక్కించడం: మినీ ట్రక్కులోకి మోటార్‌సైకిల్, దానికి ముందు నేర్చుకోవలసిన నెమ్మది

ఒడిశాలోని కోరాపుట్, సెమిలిగుడ, జయపురం ప్రాంతాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఏడాదిలో ఒకటి రెండుసార్లయినా మోటార్‌సైకిల్‌ను సరుకుల బండిలో వేసి కిందికి, అంటే సాలూరు, విజయనగరం వైపుకు పంపవలసిన పని పడుతుంది. కొడుకు కాలేజీలో చేరినా, ఉద్యోగం బదిలీ అయినా, ఇంజిన్ పట్టేసిన పాత బండిని తెలిసిన మెకానిక్ దగ్గరకు చేర్చాలన్నా ఇదే దారి. 26వ నంబరు జాతీయ రహదారి మీద సుంకి ఘాట్ మలుపులు దిగుతూ పోయే టాటా ఏస్‌లలో, పికప్‌లలో బీరువా పక్కనో పరుపుల మధ్యనో నిలబెట్టిన మోటార్‌సైకిల్ కనబడటం మనకు కొత్త కాదు. అయితే ఆ బండిని పైకి ఎక్కించే సమయంలో జరిగే ప్రమాదాలను మాత్రం మనం పెద్దగా పట్టించుకోము. నలుగురు మనుషులు ఉంటే చాలు, ఎత్తి పడేయవచ్చు అనుకుంటాము. ఈ పనికి కావలసినది నలుగురి బలం కాదని, సరైన పొడవున్న చెక్క ఒకటి, క్లచ్ తెలిసిన ఎడమ చెయ్యి ఒకటి ఉంటే ఇద్దరు మనుషులు నిబ్బరంగా చేయగలరని నా అనుభవంలో తేలింది.

ఆ అనుభవం సుఖంగా వచ్చింది కాదు. కొన్నేళ్ల కిందట, వానాకాలంలో, సెమిలిగుడలో మా ఇంటి ముందు ఒక బుల్లెట్‌ను టాటా ఏస్‌లోకి ఎక్కించబోయాము. చేతికి దొరికిన ఆరడుగుల చెక్కను బండి అంచుకు ఆనించి, కట్టకుండా వదిలేసి, నేను ఎడమ పక్కన నిలబడి ఇంజిన్ మీదనే ఎక్కించడం మొదలుపెట్టాను. మా బావమరిది వెనక నుంచి నెడుతున్నాడు. ముందు చక్రం బండిలోకి చేరగానే తొందరపడి క్లచ్ ఒక్కసారిగా వదిలాను. వెనక చక్రం గిర్రున తిరిగి, బండిని పైకి పంపడానికి బదులు చెక్కను వెనక్కి తన్నింది. "బావా, చెక్క జారుతోంది, వదిలెయ్!" అని వాడు అరిచేసరికే చెక్క పై కొన అంచు దాటిపోయింది. 195 కిలోల బండి కుడి వైపుకు ఒరిగి కింద పడింది, దాని ఫుట్‌రెస్టు వాడి మోకాలి కింద ఎముక దాకా చీల్చింది. ఆ రోజు తప్పు చెక్కది కాదు, వానది కాదు, పూర్తిగా నాదే. ఇకపై రాసినదంతా ఆ తప్పును ఒక్కొక్క ముక్కగా విప్పి చూసుకున్న తరువాత నేర్చుకున్నది.

మొదట చెక్క సంగతి. సరుకుల బండి నేల ఎత్తును టేపుతో కొలవాలి, ఎందుకంటే టాటా ఏస్‌కూ పెద్ద పికప్‌కూ ఎత్తులో తేడా ఉంటుంది, ఖాళీ బండికీ సగం సామాను నిండిన బండికీ కూడా తేడా ఉంటుంది. ఆ ఎత్తును చెక్క పొడవుతో భాగించి, వచ్చిన దానిని మోటార్‌సైకిల్ బరువుతో గుణిస్తే, వాలు మీద ఆ బండిని ఆపి ఉంచడానికి కావలసిన బలం ఎన్ని కిలోల బరువును ఎత్తడానికి సమానమో తెలుస్తుంది. ఎత్తు రెండున్నర అడుగులు అనుకుందాము. 112 కిలోల స్ప్లెండర్‌ను ఆరడుగుల చెక్క మీద ఆపాలంటే సుమారు 47 కిలోలు, ఎనిమిదడుగుల చెక్క మీద 35 కిలోలు, పదడుగుల చెక్క మీద 28 కిలోలు చాలు. అదే 195 కిలోల బుల్లెట్ అయితే ఆరడుగుల చెక్క మీద 81 కిలోలు అవుతుంది, అంటే ఒక బియ్యం బస్తాకు మించిన బరువును వాలు మీద కాలు జారకుండా పట్టుకుని నిలబడాలన్నమాట, పదడుగుల చెక్క మీద అది 49కి దిగుతుంది. చెక్క పొడవు మీద ఆదా చేసిన ప్రతి అడుగూ మనిషి నడుము మీద పడుతుంది. ఎనిమిదడుగులకు తక్కువైన చెక్కను నేను ఇప్పుడు ముట్టను.

చెక్క మందం రెండు అంగుళాలకు తగ్గకూడదు, వెడల్పు పది నుంచి పన్నెండు అంగుళాలు ఉండాలి. మన వైపు కలప అడితీలలో దొరికే సాల్ చెక్క ఇందుకు బాగా సరిపోతుంది. పొడవునా పగులు లేకుండా, నడుమ పెద్ద ముడి లేకుండా చూసుకుని తీసుకోవాలి. బుల్లెట్ లాంటి బరువైన బండికి చెక్క నడిమి కింద ఇటుకలో దుంగముక్కలో పేర్చి ఆనిస్తే చెక్క వంగి ఊగడం తగ్గుతుంది. వానాకాలంలో ఎర్రమట్టి అంటుకున్న టైరు తడి చెక్క మీద సబ్బు మీద జారినట్టు జారుతుంది, కనుక టైర్లను ముందు కడిగి తుడవాలి, చెక్క మీద గోనెసంచిని బిగుతుగా చుట్టి పక్క అంచుల్లో మేకులు కొట్టాలి. మేకు తలలు టైరు నడిచే దారిలో ఉండకూడదు.

అన్నిటికంటే ముఖ్యమైనది చెక్క పై కొనను సరుకుల బండికి కట్టడం. ఇంజిన్ బలంతో తిరిగే వెనక చక్రం బండిని ముందుకు తోయడానికి తాను ఆనిన దానిని వెనక్కి తోస్తుంది. నేల మీద అయితే భూమి కదలదు కాబట్టి మనకు అది తెలియదు, కట్టని చెక్క మాత్రం కదిలిపోతుంది. కమ్మరి చేత చెక్క పై కొనకు వంచిన ఇనుప పట్టీని బిగించి, అది బండి నేల మీదకు ఎక్కి కూర్చునేలా చేయించుకోవడం మంచిది. దానితో పాటు చెక్కకు రెండు రంధ్రాలు చేయించి, తాడును వాటిలోంచి తీసి బండి పక్క కొక్కేలకు రెండు వైపులా కట్టాలి. ఇనుప పట్టీ ఉంది కదా అని తాడును, తాడు ఉంది కదా అని పట్టీని మానకూడదు. వెనక డోరును, ఇక్కడ అందరూ డాలా అనేదానిని, పూర్తిగా కిందికి దించి చెక్కను బండి నేల మీదనే ఆనించాలి. వేలాడే డాలా మీద ఆనిస్తే బరువంతా దాని గొలుసుల మీద, కీళ్ల మీద పడుతుంది.

మన కొండ ఊళ్లలో ఉన్న ఒక గొప్ప సౌకర్యాన్ని ఇక్కడ చెప్పకుండా ఉండలేను. రోడ్డు పక్కన గట్టు లేని ఊరు ఈ జిల్లాలో అరుదు. సరుకుల బండిని వెనక్కి తిప్పి గట్టు దగ్గరగా పెట్టి, చెక్క కింది కొనను గట్టు మీద ఉంచితే, ఎక్కవలసిన ఎత్తు రెండున్నర అడుగుల నుంచి అడుగుకో అరడుగుకో తగ్గిపోతుంది. వాలు తగ్గినందువల్ల ఇంకొక లాభం కూడా ఉంది. చెక్క ముగిసి బండి నేల మొదలయ్యే మలుపు దగ్గర మోటార్‌సైకిల్ పొట్ట, ముఖ్యంగా మెయిన్ స్టాండు, అంచుకు తగిలి బండి అక్కడే ఇరుక్కుపోవడం చాలామందికి ఎదురయ్యే కష్టం. వాలు ఎంత తక్కువైతే ఆ మలుపు అంత మెత్తగా ఉంటుంది. గట్టు దొరికిన చోట పది నిమిషాలు ఖర్చయినా బండిని అక్కడికే తీసుకువెళ్లమని నా సలహా. అయితే గట్టు మట్టి గట్టిగా ఉండాలి, సరుకుల బండి హ్యాండ్‌బ్రేకు వేసి, గేరులో ఉంచి, చక్రాల కింద రాళ్లు పెట్టాలి.

ఇక ఎడమ చెయ్యి. చెక్క మీద నేర్చుకుందామంటే కుదరదు, ఆ నేర్పు ముందుగా చదునైన నేల మీద రావాలి. క్లచ్ లీవరును పూర్తిగా నొక్కితే ఇంజిన్‌కూ చక్రానికీ సంబంధం తెగిపోతుంది, పూర్తిగా వదిలితే రెండూ ఒకటైపోతాయి. ఈ రెంటి నడుమ వేలి మందమంత జాగాలో క్లచ్ ప్లేట్లు ఒకదాని మీద ఒకటి జారుతూనే కొంచెం కొంచెంగా బలాన్ని చక్రానికి అందిస్తాయి. మెకానిక్‌లు హాఫ్ క్లచ్ అనేది దీనినే. మోటార్‌సైకిల్ నెమ్మదిగా నడిపే విద్య అంతా ఆ కొద్దిపాటి జాగాలో ఉంది. బండి మంచి వేగంలో ఉన్నప్పుడు చాలావరకు తనను తానే నిలబెట్టుకుంటుంది. మనిషి నడక వేగానికి దిగిన తరువాత దానిని నిలబెట్టేది నడిపేవాడి చెయ్యి, కాలు, చూపు.

సాయంత్రం ఖాళీగా ఉండే స్కూలు మైదానానికి బండిని తీసుకువెళ్లండి. ముందుగా క్లచ్ లీవరు చివర ఉండే ఆటను, అంటే బిగువు తగలకముందు లీవరు వదులుగా కదిలే దూరాన్ని చూడండి. చాలా మోటార్‌సైకిళ్లకు అది 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉండాలి. అంతకంటే బిగుతుగా ఉంటే ప్లేట్లు పూర్తిగా కలవవు, వదులుగా ఉంటే పూర్తిగా విడిపోవు, రెండింటిలోనూ హాఫ్ క్లచ్ చేతికి దొరకదు. ఇంజిన్ వేడెక్కి ఐడిల్, అంటే యాక్సిలరేటర్ తిప్పకుండా ఇంజిన్ నడిచే వేగం, నిలకడగా మారిన తరువాత మొదటి గేరు వేసి, యాక్సిలరేటర్ ముట్టకుండా, కాళ్లు నేల మీదనే ఉంచి, లీవరును వెంట్రుకవాసి చొప్పున వదలండి. ఇంజిన్ శబ్దం కాస్త బరువెక్కిన చోట బండి ఊపిరి తీసుకున్నట్టు ముందుకు వంగుతుంది. అక్కడ ఆపి, మళ్లీ నొక్కి, మళ్లీ అక్కడికి రండి. బండి ఒక జానెడు ముందుకు కదలాలి, ఆగాలి, మళ్లీ జానెడు కదలాలి. ఇరవైసార్లు చేస్తే ఆ చోటు కళ్లు మూసుకున్నా వేళ్లకు తెలుస్తుంది. క్లచ్ మీద రెండు వేళ్లు చాలు అనేవారు ఉన్నారు, కానీ నేర్చుకునే దశలో నాలుగు వేళ్లూ ఉంచమని నేను గట్టిగా చెబుతాను, ఎందుకంటే కంగారు పడిన క్షణంలో చెయ్యి మొత్తం బిగుసుకుంటే అది క్లచ్‌ను నొక్కేయాలి, బలం ఆగిపోవాలి.

అది వచ్చాక కాళ్లు పైకి తీసి నడపండి. యాక్సిలరేటర్‌ను కొద్దిగా, ఒకే తీరుగా ఉంచి, వేగాన్ని క్లచ్‌తో పెంచుతూ తగ్గిస్తూ, కుడి కాలితో వెనక బ్రేకును మెత్తగా తొక్కి ఉంచాలి. ఇంజిన్ ముందుకు లాగుతుండగా వెనక బ్రేకు పట్టి ఉంచడం వల్ల గొలుసు ఎప్పుడూ బిగుతుగా ఉండి బండి కుదుపులు లేకుండా పాకుతుంది. ముందు బ్రేకును ఈ అభ్యాసంలో ముట్టకూడదు. హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు నడక వేగంలో ముందు బ్రేకు పడితే బండి ఒక్కసారిగా తిరిగిన వైపుకే కూలుతుంది. చూపు ముందు చక్రం మీద కాకుండా పది పదిహేను అడుగుల దూరాన ఉండాలి. పన్నెండు మీటర్ల దూరాన్ని కాలు దించకుండా ఎంత ఎక్కువసేపు నడపగలరో చూసుకోండి. తరువాత డ్రైవింగ్ లైసెన్సు పరీక్షలో నడిపించే ఎనిమిది ఆకారాన్ని ఇటుకలతో గుర్తుపెట్టుకుని, రోజురోజుకూ ఇటుకలను దగ్గరకు జరపండి. మలుపులో బండి లోపలికి ఒరిగినప్పుడు ఒంటిని కొద్దిగా బయటి వైపుకు ఉంచితే చిన్న జాగాలో తిరుగుతుంది. పది నిమిషాలకోసారి బండిని ఆపి చల్లారనివ్వాలి. చాలా మోటార్‌సైకిళ్ల క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే తిరుగుతాయి కాబట్టి కొంతసేపు ఓర్చుకుంటాయి కానీ, గంటల తరబడి ఓర్చుకోవు. ఈ అభ్యాసం వృథా పోదు. కుందులి సంతలో అల్లం బస్తాల నడుమ బండి తీయాలన్నా, సుంకి ఘాట్ మలుపులో ముందున్న లారీ నత్తలా ఎక్కుతుంటే దాని వెనక కాలు దించకుండా నిలవాలన్నా ఇదే విద్య.

చివరి అభ్యాసం చెక్కదే. ర్యాంపుగా వాడబోయే చెక్కనే నేల మీద పరిచి, బండి దిగి ఎడమ పక్కన నడుస్తూ, ఇంజిన్ మీద హాఫ్ క్లచ్‌తో, రెండు చక్రాలూ చెక్క మీదనే ఉండేలా ఈ కొన నుంచి ఆ కొనకు తీసుకువెళ్లండి. మొదట్లో వెనక చక్రం తప్పకుండా పక్కకు దిగుతుంది. అది నేల మీద దిగినంతకాలం నష్టమేమీ లేదు. వరుసగా అయిదుసార్లు చెక్క దిగకుండా పోయిన తరువాతనే చెక్క ఒక కొనను పైకి ఎత్తాలి.

ఎక్కించే రోజున రెండవ చెక్క ఒకటి కావాలి, అది మనిషి నడవడానికి. మొదటి చెక్కకు ఎడమ పక్కన అడుగున్నర దూరంలో దానిని కూడా అలాగే కట్టాలి. ఇది లేకపోతే బండి పైకి పోతున్నకొద్దీ నడిపించే మనిషి నేల మీదనే మిగిలిపోతాడు, హ్యాండిల్ అతని ఛాతీ దాటి తలదాకా ఎక్కుతుంది, అప్పుడు చేతుల్లో బలం ఉండదు. బండి మీద కూర్చుని ఎక్కించడం మాత్రం ఎంత నేర్పు ఉన్నవారైనా చేయవద్దు. చెక్క మీద ఆగితే కాలు పెట్టడానికి కింద ఏమీ ఉండదు. పెట్రోలు కాక్ ఉన్న పాత బండి అయితే ఎక్కించడానికి కావలసినంత తెరిచి ఉంచి, పైకి చేరాక మూసేయాలి. సహాయకుడు సీటు వెనక ఉండే గ్రాబ్ రైలును పట్టుకుని, చక్రానికి నేరుగా వెనక కాకుండా కుడి పక్కకు నిలబడాలి. బండి వెనక్కి వస్తే అతను పక్కకు తప్పుకునే దారి ఉండాలి. మా బావమరిదిని ఆ రోజు నేను నేరుగా వెనక నిలబెట్టాను.

ఇద్దరూ ముందే ఒక మాట అనుకోవాలి. ఆగమంటే ఆగాలి, వదలమంటే ఇద్దరూ వదిలి పక్కకు దూకాలి, పడిపోతున్న బండిని పట్టుకోవడానికి చేతులు చాచకూడదు. తరువాత బండిని చెక్కకు నేరుగా, కనీసం ఒక బండి పొడవు దూరంలో నిలిపి, హ్యాండిల్‌ను తిన్నగా ఉంచి, మొదటి గేరులో హాఫ్ క్లచ్‌తో కదలాలి. చెక్క మొదట్లో ఆగి మళ్లీ బయలుదేరడం కంటే నడక వేగంలో ఒకే తీరుగా ఎక్కడం సులువు. స్ప్లెండర్ వంటి తేలికైన బండి అయితే ఇంజిన్ ఆపి న్యూట్రల్‌లో ఇద్దరు నెట్టినా ఎక్కుతుంది, కానీ గేరులో లేని బండికి మధ్యలో ఆగవలసి వస్తే ఆధారం ఉండదు కాబట్టి, నెట్టేటప్పుడు కూడా మొదటి గేరు వేసి క్లచ్ నొక్కి నెట్టడమే క్షేమం.

దానికి కారణం ఉంది. వాలు మీద బండి మధ్యలో ఆగిందనుకోండి. చెయ్యి వెంటనే ముందు బ్రేకు మీదకు పోతుంది. కానీ వాలు మీద బరువంతా వెనక చక్రం మీదకు చేరి ముందు చక్రం తేలికవుతుంది, తడి చెక్క మీద ఆ చక్రం బిగుసుకుని కూడా కిందికి జారుతుంది. పక్కన నిలబడిన మనిషికి కుడి వైపున ఉన్న వెనక బ్రేకు అందదు. అక్కడ మనలను నిలబెట్టేది ఆగిపోయిన ఇంజినే. ముందు బ్రేకు పట్టుకుని ఉండగానే ఇంజిన్ ఆపి, మొదటి గేరులోనే క్లచ్‌ను పూర్తిగా వదిలేస్తే వెనక చక్రం గట్టిగా పట్టేస్తుంది. బండి ఒక్క కుదుపు కుదిపి అక్కడే నిలబడిపోతుంది. ఆ కుదుపు చేతికి తగిలినప్పుడు కలిగే ధైర్యాన్ని ప్రతి ఒక్కరూ ముందుగా ఏదైనా చిన్న ఏటవాలు రోడ్డు మీద అనుభవించి చూడాలి. ఊపిరి తీసుకుని, మాట్లాడుకుని, అప్పుడు మళ్లీ క్లచ్ నొక్కి ఇంజిన్ వేసుకోవచ్చు.

స్కూటర్‌కు ఈ ఆధారం లేదు. దాని క్లచ్ ఇంజిన్ వేగాన్ని బట్టి తానే కలుస్తుంది, కాబట్టి ఇంజిన్ ఆపితే చక్రం స్వేచ్ఛగా తిరుగుతుంది. అయితే దాని వెనక బ్రేకు ఎడమ చేతి లీవరులోనే ఉంటుంది, వాలు మీద దానినే పట్టుకోవాలి. యాక్సిలరేటర్ కొద్దిగా తిప్పినా స్కూటర్ దూసుకుపోతుంది కాబట్టి దానిని ఇంజిన్ ఆపి నెట్టడమే మేలు. దాని పొట్ట కిందికి ఉంటుంది గనుక గట్టు సాయం తప్పనిసరి అనుకోండి.

బండి పైకి చేరాక ముందు చక్రాన్ని క్యాబిన్ వైపు గోడకు నడిమిన ఆనించాలి. టాటా ఏస్ గోల్డ్ నేల పొడవు 2200 మిల్లీమీటర్లు, స్ప్లెండర్ పొడవు సుమారు 2000, కాబట్టి అది తిన్నగా నిలబడి డాలా కూడా మూసుకుంటుంది. సైడు స్టాండు మీద వదిలి కట్టకూడదు. ఘాట్ మలుపుల్లో బండి ఊగినప్పుడల్లా స్టాండు మీద బరువు పడి లేస్తుంది, కట్లు వదులవుతాయి. బండిని నిటారుగా నిలిపి, హ్యాండిల్ కింద ఫోర్కులను, అంటే ముందు చక్రానికి ఇరువైపులా ఉండే గొట్టాలను, పట్టి ఉంచే దిమ్మ దగ్గర నుంచి రెండు పట్టీలను ముందుకు, కిందికి, ఇరు పక్కలకూ లాగి, ముందు షాకులు సగం దాకా దిగేలా బిగించాలి. పూర్తిగా అణగదొక్కితే ఆయిల్ సీళ్లు దెబ్బతింటాయి. వెనక ఫ్రేమునుంచి మరో రెండు పట్టీలు వెనక్కి లాగాలి. గ్రాబ్ రైలుకో ఇండికేటర్‌కో కట్టవద్దు, కట్టు సైలెన్సరుకు తగలకుండా చూడాలి. పిడి ఆడించి బిగించే రాచెట్ పట్టీలు ఉత్తమం, అవి లేకపోతే కొబ్బరి తాడు వాడవచ్చు కానీ దారిలో అది సాగుతుంది. మొదటి గేరు వేసి, అద్దాలు విప్పి, పది కిలోమీటర్లు పోయాక ఒకసారి, పొట్టంగి దాటి ఘాట్ మొదలవకముందు ఇంకొకసారి ఆపి కట్లు చూసుకోవాలి. బండిని పట్టుకోవడానికి మనిషిని వెనక కూర్చోబెట్టవద్దు, కట్టు తెగితే ఆ బండి మొదట పడేది అతని మీదనే. ఆర్‌సీ కాపీని డ్రైవరు చేతికి ఇవ్వడం మరచిపోవద్దు, సరిహద్దులో అడుగుతారు.

దించడం ఎక్కించడం కంటే కష్టమని చాలామందికి తెలియదు. బండి వెనక్కి దిగుతుంది, బరువు మళ్లీ వెనక చక్రం మీదనే ఉంటుంది, ముందు బ్రేకు మళ్లీ జారుతుంది. అందుకే ఇంజిన్ ఆపి, మొదటి గేరు వేసి, క్లచ్ వదిలి ఉంచి మొదలుపెట్టాలి. అప్పుడు బండి కదలదు. లీవరును కొద్దిగా నొక్కితే జానెడు దిగుతుంది, వదిలితే ఆగుతుంది. మైదానంలో ముందుకు చేసిన పనినే ఇక్కడ వెనక్కి చేస్తున్నాము. సహాయకుడు కుడి పక్కన గ్రాబ్ రైలు పట్టుకుని చక్రం చెక్క మీద ఉందో లేదో చూసి చెబుతుండాలి, బరువు ఆపే పని అతనిది కాదు. వెనక చక్రం నేలకు తాకగానే పని అయిపోయిందని వదిలేయకుండా, ముందు చక్రం కూడా చెక్క దిగి, బండి సైడు స్టాండు మీద నిలిచిన తరువాతనే చెక్క కట్లు విప్పాలి. ఆ తరువాత పెట్రోలు కాక్ తెరిచి, ఫోర్కుల మీద ఆయిల్ చెమ్మ ఉందేమో వేలితో తడిమి చూసి, అద్దాలు బిగించి, క్లచ్ లీవరు ఆట మరొకసారి కొలిచి బండిని రోడ్డు మీదకు తీయండి.